కోనసీమ యజ్ఞసంస్కృతిలో కృష్ణమృగం

కావ్యాల్లో లేడి నాయిక కన్నులకు ఉపమానం, రామకథలో సీతను మురిపించిన మాయ; కాని వేదాధ్యయనానికి పేరుపొందిన కోనసీమ అగ్రహారాల్లో ఆ మృగానికున్న అర్థం వేరు, కొంత కఠినం కూడా. అక్కడ కృష్ణమృగం, అనగా నేడు కృష్ణజింక అని పిలిచే జంతువు, యజ్ఞానికే ఒక రూపం.

ఈ భావనకు మూలం అగ్రహారాల్లో వల్లెవేసే తైత్తిరీయ సంహితలోనే ఉంది. ఋక్కూ సామమూ దేవతల యజ్ఞానికి నిలవక కృష్ణమృగ రూపం దాల్చి తొలగిపోయాయని ఆరవ కాండ చెబుతూ, దాని చర్మంలోని తెలుపు ఋక్కు వర్ణమనీ, నలుపు సామం వర్ణమనీ వివరిస్తుంది. అందుకే సోమయాగంలో దీక్ష వహించే యజమాని, అనగా యాగకర్త అయిన గృహస్థు, కృష్ణాజినమనే ఆ చర్మం మీద కూర్చుంటాడు. దురద పుడితే గోటితో గోకుకోకుండా కృష్ణవిషాణమనే దాని కొమ్మును వాడి, దక్షిణలు ఇచ్చిన తరువాత దానిని చాత్వాలమనే గుంటలో పడవేస్తాడు. ఉపనయనంలో వటువు జంధ్యానికి కట్టే చిన్న చర్మపు ముక్కదీ ఇదే వంశం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో కొత్త చర్మం సంపాదించే దారి మూసుకుపోయింది గాని, మనుస్మృతి రెండవ అధ్యాయం యజ్ఞయోగ్యమైన దేశానికి గుర్తుగా చెప్పినది చర్మాన్ని కాదు, ఆ మృగం అక్కడ సహజంగా సంచరించడాన్ని.

తప్పించుకుపోయే యజ్ఞం అన్న ఊహ ఇతిహాసంలో మరింత ఉగ్రంగా కనిపిస్తుంది. మహాభారతంలో రుద్రుని బాణం తగిలిన యజ్ఞం లేడియై ఆకాశానికి పారిపోతుంది. రుద్రకోపానికి యజ్ఞం చెడిన ఇలాంటి కథే అయిన దక్షయజ్ఞ ధ్వంసం కోనసీమవారికి దూరపు పురాణం కాదు: గోదావరి పాయ అయిన గౌతమికి ఆవలి ఒడ్డున ఉన్న ద్రాక్షారామాన్ని దక్షుని పేర దక్షారామమనే వాడుక ఉండగా, ఇవతల మురమళ్లలో ఆ ధ్వంసానంతరం శాంతించని వీరభద్రుడు భద్రకాళిని పెండ్లాడాడని స్థలపురాణం చెబుతుంది, నిత్యకల్యాణం నేటికీ సాగుతుంది. దక్షిణాది శివమూర్తుల పై చేతుల్లో పరశువుతోపాటు కనిపించే లేడిని దారుకావన మునులు శివునిపైకి పంపిన మృగమని సాధారణంగా వ్యాఖ్యానిస్తారు. శ్రీనాథుని హరవిలాసంలోనూ దారుకావన వృత్తాంతం ఉంది. అయితే ఈ ప్రాంతపు కథల వెలుగులో చూస్తే, చేతికి చిక్కిన యజ్ఞమే ఆ లేడి అన్న అర్థం ఎక్కువ పొసగుతుంది.

ఆకాశానికి చేరిన మృగం తలే మృగశిర నక్షత్రమని, దానిని తరిమిన వేటగాడు మృగవ్యాధుడని ప్రాచీనుల ఊహ. సూర్యుడు ఆ నక్షత్రంలో ప్రవేశించే మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. తొలకరికి ఎదురుచూసే రైతుకు అందులో లేడి గుర్తుకు రాకపోవచ్చు, చేపలకూర మాత్రం తప్పక గుర్తుకు వస్తుంది.

భూమి మీది మృగం సంగతి మరొకటి. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు; దట్టమైన చెట్ల నీడ కాక పచ్చిక బయళ్లు కోరుకునే ఈ జీవికి కొబ్బరితోటల కోనసీమలో చోటు తక్కువ. గోదావరి పాయల మధ్య ఇసుక మేటలు వేసి గడ్డి మొలిచిన లంకల్లో మాత్రం అది మందలుగా తిరుగుతుంది, వరద వచ్చినప్పుడు ఆ లంకలు మునిగితే ఈదుకుంటూ మెరకకు చేరుతుంది.