గుమ్మడి కడుపులో దీపము

నేరేడుచర్లలో మా బంధువుల యింట ఒక వృద్ధురాలు, టెక్సాసులో కాపురమున్న మనుమరాలు ఫోనులో చూపించుచున్న దృశ్యమును రెప్ప వేయక చూచుచుండెను. అక్కడ పెరటిలో బల్లపై పాత కాగితములు పరచి, నాలుగైదు తెలుగు కుటుంబముల వారు పిల్లలతో సహా చుట్టును గూడి, నారింజవన్నె గుమ్మడికాయల తొడిమ చుట్టును కోసి మూతవలె పైకెత్తి, గరిటెలతో లోపలి పీచును గింజలను తోడివేసి, కాయపై కన్నులు, ముక్కు, కోరపండ్లు తొలిచి, చీకటి పడినంతనే కడుపులో దీపముంచి వాకిట వరుసగా నిలిపినారు. అది అక్టోబరు 31వ తేదీన వచ్చు హాలోవీన్ పండుగకు ముందటి శనివారము. అంతయు చూచిన పిమ్మట ముసలమ్మ అడిగిన ప్రశ్న ఒక్కటే: “గుజ్జంత ఏం జేసిన్రు బిడ్డా?”

కాయ కోసిన యింట గుజ్జు ఏ గిన్నెలోనికి పోయినదో తెలిసికొనుట ఆమెకు పుట్టుకతో వచ్చిన అలవాటు. కాని ఆ మాట విన్నది మొదలు, ఈ కాయ యే త్రోవన నడచి మన వాకిలి చేరినదో, మరల మన బిడ్డలు దానిని వెదకుకొనుచు దాని పుట్టినింటికే యెట్లు చేరినారో నెమ్మదిగా తలపోయవలెనన్న కోరిక నాకు కలిగినది.

బల్లపైనున్న ఆ నారింజవన్నె గుమ్మడికి అమెరికా ఖండమే జన్మభూమి. మెక్సికో దేశమున ఓహాకా ప్రాంతమందలి గిలా నకిత్స్ అను గుహలో దొరకిన దాని గింజలు సుమారు 10,000 సంవత్సరముల నాటివని శాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. 1492లో కొలంబసు అమెరికా దీవులను చేరిన పిదప, 1498లో వాస్కో డ గామా కోళికోడు తీరమున దిగి సముద్రమార్గము తెరచిన పిదప, మిరప, జీడిమామిడి, బొప్పాయి మున్నగు వానివలెనే తీపి గుమ్మడియు ఓడలెక్కి మన దేశమునకు వచ్చినది. అంతకు పూర్వమే మనకున్నది బూడిద గుమ్మడి, సంస్కృతమున కూష్మాండము. నవదుర్గలలో నాల్గవ మూర్తికి కూష్మాండ యనియే పేరు. దూరదేశపు కాయ వచ్చి మన పందిరెక్కగా, దానికిని పాత పేరే పెట్టి, తెల్లని పొడి పూసికొన్నదానిని బూడిద గుమ్మడి యనియు, కూరకు వచ్చు కొత్తదానిని తీపి గుమ్మడి యనియు మనవారు వేరుపరచుకొన్నారని నాకు తోచుచున్నది. ‘గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకొన్నట్లు’ అను సామెతలోని కాయ నిశ్చయముగా బూడిద గుమ్మడియే; ఏలయన, మోసికొనిపోయిన వాని భుజమునకు ఆ పొడి అంటుకొని వానిని పట్టియిచ్చును. తీపి గుమ్మడిని ఊరు దాటించినను భుజమున మచ్చ నిలువదు.

కాయకు ముఖము తొలిచి దీపముంచు ఆచారమునకు మూలము ఐర్లండు, స్కాట్లండు దేశములలో నున్నది. అక్కడ పంటల కాలము ముగిసి చలికాలము ప్రవేశించు సంధిలో సావిన్ అను పురాతనమైన పండుగ జరుగుచుండెడిది. ఆ రాత్రి మృతుల ఆత్మలు తిరుగాడునని నమ్మి, వానిని బెదరించుటకై పల్లెవారు టర్నిప్ దుంపను తొలిచి, వికృతమైన ముఖము చెక్కి, లోపల నిప్పు నుంచెడివారు. డొనెగల్ ప్రాంతమున 1943లో సేకరింపబడిన అట్టి దుంపదీపమునకు తీసిన అచ్చు నేటికిని ఐర్లండు జాతీయ ప్రదర్శనశాలకు చెందిన కాసిల్‌బార్ శాఖలో నున్నది; ఛాయాచిత్రమున చూచినను ఒడలు జలదరించును. 1845లో తెగులు వచ్చి బంగాళాదుంప పంట నశించగా, ఆ క్షామమున పది లక్షల మంది మరణించినారు, అంతకు మించి వలసపోయినారు. అట్లు అమెరికా చేరినవారికి దుంపకంటె పెద్దదియు, లోపల సహజముగనే డొల్లగా నుండునదియు నగు గుమ్మడి చేతికందినది. ఆ వేడుక యెంతగా వ్యాపించినదనగా, న్యూహాంప్‌షైర్ రాష్ట్రమున కీన్ అను చిన్న పట్టణమున 2013లో 30,581 గుమ్మడి దీపములను ఒక్కమారే వెలిగించినారు.

ఇక మన వాకిటికి వచ్చెదము. మిర్యాలగూడ నుండి కోదాడకు పోవు దారిలో, సాగరు ఎడమ కాలువ క్రింద పచ్చగానున్న పొలముల నడుమ, నేరేడుచర్లలో నేమి, పరిసర గ్రామములలో నేమి, కొత్తగా కట్టుచున్న ప్రతి యింటి ముందరను ఒక బూడిద గుమ్మడికాయ వ్రేలాడుచుండును. దానిపై పెద్ద గుడ్లు, మెలిదిరిగిన మీసములు, బయటికి వచ్చిన కోరలు చిత్రించియుండును. దసరానాడు మిల్లుల ముందర, లారీల ముందర కాయకు గాటుపెట్టి కుంకుమ నింపి, కర్పూరము వెలిగించి, ముమ్మారు త్రిప్పి పగులగొట్టుదురు. డొనెగల్ పల్లెవాడు దుంపపై చెక్కిన ముఖమునకును, మన చిత్రకారుడు గుమ్మడిపై వ్రాసిన ముఖమునకును ఒకదాని నొకటి ఎరుగుటకు ఏ దారియు లేదు; అయినను ఇంటి గడపయొద్ద భయంకరమైన ముఖము నొకదానిని కాపుంచిన, కీడు వెనుదిరుగునను విశ్వాసము రెండు చోట్లను ఒక్కటియే. అంతేకాదు, కాలభైరవుని కొలుచువారు బహుళాష్టమినాడు బూడిద గుమ్మడిని రెండు చెక్కలుగా కోసి, గింజలు తొలగించి, పసుపు కుంకుమలద్ది, నువ్వులనూనె పోసి వత్తి వెలిగింతురు. దానిని కూష్మాండ దీపమందురు. గుమ్మడి కడుపులో దీపము మనకు క్రొత్త కాదు.

గుమ్మడి చుట్టును బంధుమిత్రులు కూడుటయు మనకు క్రొత్త కాదు. వడియముల కాలము వచ్చినదనగా, సాయంకాలము ఇరుగుపొరుగు స్త్రీలు కత్తిపీటలు చేతబట్టి వచ్చెడివారు. అయినను నిండుకాయపై మొదటి వ్రేటు ఆడవారు వేయరాదని నియమము. వీధిలో పోవు ఏ పిల్లవానినైనను పిలిచి, “ఒక్క దెబ్బ కొట్టిపో నాయనా” అని కత్తి చేతికిచ్చెడివారు. వాడు గర్వముతో గాటుపెట్టి పోగా, కాయ ముక్కలయ్యెడిది. ఉప్పు, పసుపు కలిపిన ముక్కలను బట్టలో మూటగట్టి, పైన రోటిపొత్రము బరువు పెట్టి రాత్రియంతయు నీరోడ్చి, తెల్లవారుజామున రుబ్బిన మినపపిండిలో కలిపి, మిద్దెపై బట్ట పరచి, ఒక్కొక్కటిగా పెట్టుచు పోయెడివారు. ఆ రాత్రి జరిగిన ముచ్చట్లలో ఎన్ని సంబంధములు కుదిరెనో, ఎన్ని తగవులు తీరెనో లెక్కించినవారు లేరు.

బతుకమ్మను పేర్చునప్పుడు తాంబాళమున మొదట పరచునది గుమ్మడి యాకు; పేర్పు ముగిసిన పిదప శిఖరమున నిలుచునది గుమ్మడి పువ్వు, దాని నడిమినున్న గౌరమ్మ. సద్దుల బతుకమ్మకును హాలోవీన్‌కును నడుమ కొద్ది వారములే వ్యవధి. కనుక అమెరికాలోని మన ఆడబిడ్డలు పూవుతో ఒక పండుగ, కాయతో ఒక పండుగ జరుపుకొనుచున్నారు. పరాయి వేడుక యని కొందరు పెద్దలు నొసలు చిట్లింతురు గాని, వారితో నేను ఏకీభవింపజాలను. అమెరికా కాయను మన పులుసులోనికి చేర్చుకొనుటకు వెనుదీయని జాతి, అక్కడి పిల్లల యాటను ఒక సాయంకాలము తన పెరటిలో ఆడుకొన్నంతమాత్రమున తరుగునది లేదు.

సెలవులకు వచ్చిన బిడ్డలతో ఇక్కడనే ఆ వేడుక చేయదలచువారికి కొన్ని మాటలు. అక్కడ చెక్కుటకై ప్రత్యేకముగా పండించు కాయలు పలుచని గోడ, పీచుగల కడుపు కలవి. మాసచూసెట్స్ రైతు జాన్ హౌడెన్ అభివృద్ధిచేసిన రకము వానిలో ప్రసిద్ధము. మన సంతలో దొరకు కాయ కండ దళసరిది, గట్టిది. కత్తి జారిన చేయి తెగును. కావున పై మూత పెద్దలే కోయవలెను. కోయునప్పుడు కత్తిని లోపలివైపునకు ఏటవాలుగా పట్టినచో, మూత మరల పెట్టినప్పుడు లోనికి కూలదు. గోడను అంగుళము మందము మిగులునట్లు గరిటెతో గీకి, ముఖమును ముందుగా కలముతో గీసి, సన్నని పండ్ల కత్తితో మెల్లమెల్లగా కోయవలెను. చిన్నపిల్లలకు కత్తి నీయక, గింజలు ఏరు పని అప్పగించిన, వారి ఆనందమునకు మేర యుండదు. మన ఉక్కకు చెక్కిన కాయ త్వరగా కుళ్లును. వేడుకనాడే చెక్కుట మేలు.

ముసలమ్మ ప్రశ్నకు మనుమరాలు చెప్పిన సమాధానము నేను మరచిపోలేదు. ఆమె కొంచెము తడబడి, “పారేసినం అమ్మమ్మా” అన్నది. ముసలమ్మ కోపపడలేదు; గుమ్మడి పులుసునకు బెల్లము, చింతపండు ఎంతెంత వేయవలెనో, పోపులో మెంతులు ఎప్పుడు పడవలెనో చెప్పుచు, పావుగంటసేపు ఫోను వదలలేదు. గింజలను కడిగి, ఉప్పునీట నానవేసి, పెనముపై దోరగా వేపుమనియు చెప్పినది.

ఈ అక్టోబరులో డల్లాసులోనైనను, నేరేడుచర్లలోనైనను గుమ్మడికాయ ముందర కూర్చుండబోవు పాఠకులకు నాదొక విన్నపము: ముందుగా పొయ్యిమీద పులుసునకు గిన్నె పెట్టి, ఆ తరువాత కత్తి చేతబట్టుడు.