ఛత్తా బజార్ కంప్యూటర్లకు అక్షరాలు నేర్పిన సాఫ్ట్‌వేర్లు

హైదరాబాద్ పాతబస్తీలో పురానీ హవేలీకి దగ్గర్లోని ఛత్తా బజార్ అచ్చు పనికి పేరుపడిన చోటు. షాదీ రుక్కాలు (ఉర్దూ పెళ్లి పత్రికలు), తెలుగు శుభలేఖలు, ఇంగ్లిష్ విజిటింగ్ కార్డులు అన్నీ ఇక్కడ అచ్చవుతాయి. ఒకప్పుడు ఇక్కడి ఉర్దూ అచ్చుకు ఆధారం కాతిబ్ (అందంగా రాసే లేఖకుడు) చేతిరాతే. ఆయన కలంతో రాసిన పేజీయే ప్రెస్సుకు వెళ్లేది.

అచ్చు యంత్రాలు ఉండగా చేతిరాత అవసరం ఎందుకొచ్చింది? కారణం ఉర్దూ రాసే నస్తాలీఖ్ లిపి. అందులో అక్షరం పక్క అక్షరాన్ని బట్టి రూపు మార్చుకుంటుంది. మాట కుడివైపు పైనుంచి ఎడమవైపు కిందికి జారుతుంది. తిన్నగా పేర్చే సీసపు అచ్చులకు ఆ ఏటవాలు లొంగదు. హైదరాబాద్ సంస్థానం నస్తాలీఖ్ టైప్‌రైటర్ కోసం ప్రయత్నించి విఫలమైంది. 1918లోనే ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పిన రాజ్యానికి కూడా అది సాధ్యపడలేదు.

దారి 1981లో దొరికింది. పాకిస్తాన్‌కు చెందిన మీర్జా అహ్మద్ జమీల్, మోనోటైప్ కంపెనీతో కలిసి నూరీ నస్తాలీఖ్‌ను తయారుచేశారు. విడి అక్షరాలను కలిపే ప్రయత్నం మాని, కలిసిపోయిన అక్షరాల గుత్తులనే వేల సంఖ్యలో గీయించడం ఆయన చేసిన గొప్ప ఆలోచన. కాతిబ్ చేతిలోని ఒంపు అలాగే యంత్రంలోకి వచ్చింది. అయితే ఆ యంత్రం చిన్న దుకాణాలు కొనగలిగేది కాదు.

1994లో ఢిల్లీకి చెందిన కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ తెచ్చిన ‘ఇన్‌పేజ్’తో ఆ అడ్డు తొలగింది. మామూలు విండోస్ కంప్యూటర్‌లోనే నస్తాలీఖ్ పేజీ కట్టొచ్చు. ఇంగ్లిష్ కీబోర్డు మీదే, ధ్వనిని బట్టి ఉర్దూ టైపు చేయొచ్చు.

తెలుగు కోసం హైదరాబాద్‌లోనే పుట్టింది ‘అను స్క్రిప్ట్ మేనేజర్’. ఇది పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ కాదు. తెర మూలన, గడియారం పక్కన ఉండి, పేజ్‌మేకర్ లాంటి పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో నొక్కిన మీటలను తెలుగుగా మారుస్తుంది. యాపిల్ కీబోర్డు అమరికకు అలవాటుపడ్డవారు దాన్ని, మాడ్యులర్‌కు అలవాటుపడ్డవారు దాన్ని ఎంచుకోవచ్చు. ఎక్కడో తయారైన కంప్యూటర్‌ను మన ఊరి కంప్యూటర్‌గా మలిచింది ఇలాంటి చిన్న ఉపకరణాలే. తెలుగు ముద్రణ చరిత్రలో వీటికి దక్కాల్సినంత చోటు ఇంకా దక్కలేదు.

ఒకే కార్డు మీద ఉర్దూ, తెలుగు రెండూ కావాలంటే ఇన్‌పేజ్‌లో కట్టిన ఉర్దూను బొమ్మగా మార్చి పేజ్‌మేకర్‌లోనో కోరల్‌డ్రాలోనో అతికించేవారు. అక్షర దోషం కనబడిందంటే మళ్లీ మొదటికి వెళ్లాల్సిందే.

కంప్యూటర్‌ను కనిపెట్టుకుని ఉండటం మరో పని. విండోస్ 95, 98లలో ఫాంట్ల పేర్ల జాబితాకు 64 కిలోబైట్ల హద్దు ఉండేది. దాదాపు వెయ్యి ఫాంట్లు దాటితే చిక్కులు మొదలయ్యేవి. డీటీపీ ఆపరేటర్‌కు ఫాంట్లే పెట్టుబడి, తీసేయమంటే ఎలా? అందుకే అడోబ్ టైప్ మేనేజర్ డీలక్స్ లాంటివి వచ్చాయి. వాటితో చేతిలోని పనికి కావలసిన ఫాంట్లను తెరిచి, పని అయ్యాక మూసేసేవారు.

అన్ని లిపులకూ ఉమ్మడి సంకేత పద్ధతి అయిన యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే, అంటే 1991లోనే, తెలుగుకు స్థానం దక్కింది. పదేళ్లకు విండోస్ ఎక్స్‌పీ ‘గౌతమి’ ఫాంట్‌తో వచ్చింది. అప్పుడు కూడా సెట్టింగ్స్‌లో ఒక గడిలో టిక్కు పెట్టి, విండోస్ సీడీ వేస్తే గానీ తెలుగు సరిగా కనిపించేది కాదు. వెబ్‌లో పాత ఫాంట్లతో ఉన్న తెలుగును యూనికోడ్‌లోకి మార్చి చూపేందుకు వెన్న నాగార్జున ఫైర్‌ఫాక్స్ కోసం ‘పద్మ’ను రూపొందించారు. భాషకు జరిగిన నిజమైన సేవ అది. ఇన్‌పేజ్ కూడా 2009 వెర్షన్‌తో యూనికోడ్‌లోకి మారింది. పేజ్‌మేకర్ మాత్రం 2001 నాటి ఏడో వెర్షన్‌తోనే ఆగిపోయింది. ఆపరేటర్ల చేతి అలవాటు, ఏళ్ల తరబడి పోగైన ఫైళ్లు దాంట్లోనే ఉండిపోయాయి.

ఆ ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చడం తేలిక కాదు. పాత ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు ఉంటాయి; ఫాంట్ లేని కంప్యూటర్‌లో అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. పైగా అవి కంటికి కనిపించే వరుసలో దాచినవి. ‘స్త్రీ’ అనే మాటనే తీసుకుంటే, ముందు ‘సీ’, తర్వాత త వత్తు, ర వత్తు. యూనికోడ్‌లో స, త, ర వరుసగా వచ్చి, గుడి దీర్ఘం చివర చేరాలి. మార్పిడి సాఫ్ట్‌వేర్ ప్రతి అక్షరాన్నీ ఇలా తిరిగి పేర్చాలి. ఎక్కడైనా పొరబడితే వత్తు ఒకచోట, దీర్ఘం ఇంకోచోట పడతాయి. అందుకే మార్చిన పుస్తకాన్ని ప్రూఫ్ రీడర్ మళ్లీ మొదటి పేజీ నుంచి చదవాల్సి వస్తోంది.