పోటీల పట్టికలో న్యాయం

ఆటల పోటీ అనగానే మనందరికీ గెలిచినవాళ్ళే గుర్తుంటారు. ఎవరు ఎవరితో, ఏ రోజు ఆడాలో రాసే పట్టిక గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. కానీ ఫుట్‌బాల్ ప్రపంచ కప్ చరిత్ర చదువుతుంటే, కొన్ని జట్ల తలరాత మైదానంలో కంటే ఆ పట్టికలోనే ఎక్కువగా రాసి ఉందని నాకు అనిపించింది.

మొదటి ప్రపంచ కప్ 1930లో ఉరుగ్వేలో జరిగింది. 13 జట్లను నాలుగు గ్రూపులు చేశారు. అందువల్ల ప్రతి జట్టుకూ కనీసం రెండు ఆటలు దొరికాయి. 1934లో ఇటలీలో 16 జట్లు ఆడాయి. ఈసారి గ్రూపులు తీసేసి మొదటి నుంచే నాకౌట్ పెట్టారు. అంటే ఓడితే ఇంటికే. మే 27న ఒకే రోజు ఎనిమిది ఆటలు జరిగాయి, సాయంత్రానికి సగం జట్లు బయటికి వెళ్ళిపోయాయి. బ్రెజిల్, అర్జెంటీనా జట్లు అట్లాంటిక్ సముద్రం దాటి ఓడలో వచ్చి ఒక్క ఆటతో సరిపెట్టుకున్నాయి! ఇటలీ, స్పెయిన్ ఆట 1-1తో సమానమైతే, మర్నాడే మళ్ళీ ఆడించారు. ఆ అలసటలో ఇటలీ 1-0తో గెలిచింది.

మరి నాకౌట్ ఎందుకు పెడతారు? లెక్క వేసి చూడండి. ఒక్కో ఆటలో ఒక జట్టు పోతుంది కాబట్టి 16 జట్లకు 15 ఆటలతో విజేత తేలుతుంది. అందరూ అందరితో ఆడాలంటే 120 ఆటలు కావాలి. అన్ని రోజులు ఎవరికి ఉంటాయి? అందుకే 1950 నుంచి మళ్ళీ గ్రూపులు వచ్చాయి. అది మధ్యదారి.

అయితే గ్రూపుల్లోనూ ఒక చిక్కు బయటపడింది. 1982లో స్పెయిన్‌లో అల్జీరియా జట్టు పశ్చిమ జర్మనీని 2-1తో ఓడించి అందరినీ ఆశ్చర్యపరిచింది. జూన్ 24న చిలీని కూడా గెలిచి తన ఆటలు ముగించింది. పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా మర్నాడు ఆడాలి. జర్మనీ ఒకటి లేదా రెండు గోల్స్ తేడాతో గెలిస్తే ఆ రెండు జట్లూ ముందుకు, అల్జీరియా ఇంటికి. ఈ లెక్క ఇద్దరికీ ముందే తెలుసు. 10వ నిమిషంలో జర్మనీ గోల్ చేసింది. ఆ తరువాత ఇద్దరూ బంతిని అటూ ఇటూ తన్నుకుంటూ కాలం గడిపేశారు. అల్జీరియా ఫిర్యాదు చేసినా ఫలితం మారలేదు, ఎందుకంటే ఏ నియమమూ తప్పలేదు. తప్పు పట్టికలో ఉంది! 1986 నుంచి గ్రూపులో చివరి రెండు ఆటలూ ఒకే సమయానికి పెడుతున్నారు.

ఇది మన బడికి కూడా పనికొచ్చే పాఠమే. ఎనిమిది జట్ల కబడ్డీని నాకౌట్‌గా పెడితే 7 ఆటలే, కానీ నాలుగు జట్లు ఒక్క ఆటతో ప్రేక్షకులైపోతాయి. అందరూ అందరితో ఆడితే 28 ఆటలు, పరీక్షలు దగ్గరికొస్తాయి. నాలుగేసి జట్లతో రెండు గ్రూపులు చేస్తే 12, తరువాత రెండు సెమీఫైనల్స్, ఒక ఫైనల్. మొత్తం 15. గ్రూపు చివరి ఆటల రోజున మాత్రం మైదానంలో సున్నంతో రెండు కోర్టులు గీసి, రెండు ఆటలూ ఒకే విజిల్‌తో మొదలుపెడితే బాగుంటుంది. ఈసారి పట్టిక రాసేటప్పుడు మా వ్యాయామ ఉపాధ్యాయులు ఈ మాట ఆలోచించాలని నా మనవి.