మలద్వార లోపంతో పుట్టిన బిడ్డకు వెన్నుపామునూ చూడాలా?

సుమారు ఐదు వేల జననాల్లో ఒక బిడ్డకు మలద్వారం సరిగ్గా ఏర్పడదు. కొందరిలో అసలు ద్వారమే ఉండదు. కొందరిలో పేగు మగబిడ్డకు మూత్రమార్గంలోకో, ఆడబిడ్డకు యోనిముఖం దగ్గరో సన్నటి దారిగా తెరుచుకుంటుంది. ముందు మలం బయటికి వచ్చే దారి చూడాలి, గుండె, మూత్రపిండాలు పరీక్షించాలి. ఆ హడావుడిలో వెన్నుపాము వంతు ఆలస్యంగా వస్తుంది.

పిండదశలో వెన్నుపాము దిగువ కొస, త్రికాస్థి (నడుము పూసల కింది ఎముక), పురీషనాళం, మూత్రాశయం తోకవైపు పక్కపక్కనే రూపుదిద్దుకుంటాయి. అందుకే వీటి లోపాలు జంటగా కనిపించడం వింత కాదు. 1981లో కురారినో బృందం వర్ణించిన త్రయం దీనికి స్పష్టమైన ఉదాహరణ: మలద్వార లోపం, త్రికాస్థి లోపం, దాని ముందు గడ్డ. ఇది వంశపారంపర్యంగానూ రావచ్చు.

ఎక్కువగా కనిపించేది టెథర్డ్ కార్డ్, అంటే వెన్నుపాము కొస కింద అతుక్కుని ఉండటం. మామూలుగా వెన్నుపాము ఒకటి, రెండు నడుము పూసల మట్టంలో ముగుస్తుంది. అది బాగా కిందికి దిగినా, దాని కొస నుంచి సాగే చివరి తంతువు 2 మిల్లీమీటర్లకు మించి మందంగా ఉన్నా అనుమానించాలి. ఇది ఎంతమందిలో ఉంటుందన్న ప్రశ్నకు ప్రచురిత లెక్కలు పదో వంతు నుంచి సగం దాకా చెబుతున్నాయి. ఇంత తేడా రావడానికి నిర్వచనాలు కొంత కారణం, పరీక్షకు ఎవరిని ఎంచుకున్నారన్నది మరికొంత. తీవ్ర లోపాలున్నవారినే స్కాన్ చేస్తే శాతం పెరుగుతుంది. తేలిక రకంలోనూ ఇది దొరుకుతోంది కనుక, "చిన్న లోపమే కదా" అని స్కాన్ మానేయడం నాకు సబబుగా అనిపించదు.

పైగా అల్ట్రాసౌండ్‌కు గడువుంది. పూసల వెనుక భాగం ఇంకా మృదులాస్థిగా ఉండే మొదటి మూడు నెలల్లోనే అది లోపలి దృశ్యాన్ని బాగా చూపుతుంది. కోలోస్టమీ (మలం కోసం పొట్టపై తాత్కాలిక దారి) చేసి, అసలు ఆపరేషన్‌కు కొన్ని నెలల తర్వాత రమ్మన్నప్పుడు ఆ గడువు ఎవరూ గమనించకుండానే దాటిపోవచ్చు. ఆ తర్వాత ఎంఆర్ఐ ఒక్కటే నమ్మదగిన దారి. దానికి తరచు మత్తు ఇవ్వాల్సి వస్తుంది.

అతుకు కనబడితే వెంటనే విడదీయాలా? ఇక్కడే ఆధారం బలహీనపడుతుంది. టెథర్డ్ కార్డ్ ఉన్న పిల్లల్లో మలంపై అదుపు తక్కువేనని చాలా పరిశీలనలు చెబుతాయి. కానీ వారిలోనే త్రికాస్థి పొట్టిగా, నరాలు, కండరాలు పేలవంగా ఉండే అవకాశమూ ఎక్కువ. అప్పుడు తప్పు దేనిదో విడదీసి చెప్పడం కష్టం. ఉన్న సమాచారంలో ఎక్కువ భాగం పాత రికార్డులను తిరగేసి, తక్కువ మంది పిల్లలపై రాసినది. లక్షణాలు లేని పిల్లలకు ఈ శస్త్రచికిత్స అవసరమా అన్న ప్రశ్ననే 2004లో టొరంటో వైద్యులు తమ వ్యాసానికి శీర్షికగా పెట్టారు. ముందుజాగ్రత్తగా విడదీస్తే మలంపై అదుపు మెరుగవుతుందని గట్టిగా చెప్పడానికి ఇప్పటి ఆధారం చాలదు.

లక్షణాలుంటే సంగతి వేరు. నడక మారడం, పాదం వంకర తిరగడం, అలవడిన మూత్ర నియంత్రణ తప్పడం, కాళ్లలో బలహీనత కనబడితే న్యూరోసర్జన్ దగ్గరికి ఆలస్యం చేయకూడదు. లక్షణాలు లేకుంటే మూత్రాశయ పీడన పరీక్షలు చేస్తూ గమనించడం సమంజసమైన మార్గం.

మలంతో బట్టలు మురికి చేసుకుంటున్న ప్రతి బిడ్డ విషయంలోనూ వెన్నుపామును నిందించే ముందు పొట్ట ఎక్స్‌రే తీయాలి. తీవ్ర మలబద్ధకంతో గట్టిపడిన మలం పక్కనుంచి పలచటిది కారిపోవడం ఈ పిల్లల్లో అరుదేమీ కాదు. దానికి మందు ఎనిమా, విరేచనకారి.