చీకటిలో చిన్న తెరచాప పడవ: తక్కువ ఖర్చుతో దీపాల ఏర్పాటు

15 నాట్ల వేగంతో వచ్చే సరుకు నౌక ఒక నాటికల్ మైలు దూరాన్ని, అంటే 1.85 కిలోమీటర్లను, నాలుగు నిమిషాల్లో దాటుతుంది. నీటిమట్టానికి దగ్గరగా కదిలే అయిదారు మీటర్ల తెరచాప పడవకు దీపం లేకపోతే, నౌక పైభాగం నుంచి చూసే అధికారికి అది దాదాపు కనిపించదు. కలప, ఫైబరు పడవలు రాడార్ తరంగాలను అంతగా తిప్పిపంపవు. అలలు ఎక్కువగా ఉన్న రాత్రి ఆ కొద్దిపాటి గుర్తు కూడా తెర మీద అలల చుక్కల్లో కలిసిపోతుంది. సాధారణంగా తెరచాప పడవకు దారి ఇవ్వవలసినది మరనౌకే అయినా, కంటపడని పడవకు ఆ హక్కు వల్ల ప్రయోజనం ఉండదు. 2017 జూన్‌లో కొచ్చి తీరానికి దూరంగా ఒక సరుకు నౌక చీకటివేళ చేపల మరపడవను ఢీకొన్నప్పుడు ప్రాణనష్టం జరిగింది. కాకినాడ, విశాఖపట్నం, కృష్ణపట్నం రేవులకు వచ్చే నౌకల దారుల్లోనూ చిన్న పడవలు తిరుగుతుంటాయి.

సముద్రంలో ఢీకొనడాన్ని నివారించే అంతర్జాతీయ నియమాలు 1972లో రూపొంది, 1977 జూలై 15న అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు దీపాలు వెలగాలి. పొగమంచు, జోరువాన వంటివి చూపును అడ్డగించినప్పుడు పగలూ వెలగాలి. పడవ ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ, వెనుక తెలుపు ఉండాలి. పక్క దీపాలు ఒక్కొక్కటి ముందు నుంచి 112.5 డిగ్రీల మేర, వెనుక దీపం 135 డిగ్రీల మేర కనిపించాలి. మూడూ కలిస్తే 360 డిగ్రీల వలయం పూర్తవుతుంది. ఎరుపు కనిపిస్తే ఎదుటి పడవ ఎడమ పక్కను చూస్తున్నట్టు, తెలుపు ఒక్కటే కనిపిస్తే దాని వెనుక ఉన్నట్టు నౌకా సిబ్బంది అర్థం చేసుకుంటారు. అందుకే దీపం ఎంత ప్రకాశవంతమైనదన్న దానితో పాటు ఏ రంగు ఏ దిక్కున వెలుగుతోందన్నదీ ముఖ్యమే.

20 మీటర్ల కన్నా పొట్టి తెరచాప పడవకు ఈ మూడింటినీ ఒకే లాంతరులో అమర్చి, తెరచాప కొయ్య చివర పెట్టుకునే వెసులుబాటు ఉంది. ఎత్తున ఉంటుంది కాబట్టి చాప అడ్డు రాదు, ఒక్క బల్బుతో పని జరుగుతుంది. అయితే ఇంజను వేసిన క్షణం నుంచి అది మరపడవ కిందే లెక్క. అప్పుడు ఈ లాంతరును ఆర్పి మరపడవ దీపాలు వెలిగించాలి. 12 మీటర్ల లోపు పడవకైతే అన్ని దిక్కులా కనిపించే తెల్ల దీపం, పక్క దీపాలు సరిపోతాయి. చిన్న మోటారు ఉన్న పడవల్లో తరచుగా మరిచిపోయేది ఈ రెండో ఏర్పాటే. వల వేసి ఉన్న పడవలకు వేరే దీపాలు ఉన్నాయి.

విద్యుత్తు లెక్క చాలా మంది అనుకునేంత పెద్దది కాదు. పాతరకం 10 వాట్ల బల్బులు మూడు 12 గంటలు వెలిగితే 360 వాట్-అవర్లు, అంటే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 30 ఆంపియర్-అవర్లు ఖర్చవుతాయి. 3 వాట్ల ఎల్ఈడీ లాంతరుకు అదే రాత్రికి 3 ఆంపియర్-అవర్లు చాలు. పంటకు మందు చల్లే స్ప్రేయర్లలోను, ఇంటి యూపీఎస్‌లలోను వాడే 7, 8 ఆంపియర్-అవర్ల సీసపు బ్యాటరీని సగం కన్నా ఎక్కువగా వాడకపోయినా దీపం తెల్లవారేదాకా వెలుగుతుంది. కానీ ఫోను ఛార్జింగు కూడా దాని మీదే పెడితే ఆ లెక్క తప్పుతుంది. ఫోనుకు వేరే పవర్ బ్యాంకు ఉండడం మేలు. 20 వాట్ల సోలార్ పలక, ఒక ఛార్జ్ కంట్రోలర్ ఉంటే మంచి ఎండలో ఒక రోజులోనే ఆ ఖర్చు భర్తీ అవుతుంది. వానాకాలంలో పలకను నమ్ముకోకుండా బ్యాటరీని ఒడ్డునే నింపుకోవాలి.

డబ్బు మిగుల్చుకోకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. బ్యాటరీ పాజిటివ్ కొనకు పక్కనే ఫ్యూజు ఉండాలి, లేకపోతే తీగ షార్టయినప్పుడు పడవకే నిప్పంటుకోవచ్చు. ఉప్పుగాలి మామూలు రాగి తీగను లోలోపల పచ్చబడేలా తినేస్తుంది కాబట్టి తగరం పూత తీగ వాడి, అతుకులను నీరు చొరకుండా మూయాలి. కొయ్య చివరిదాకా సన్నని తీగ వేస్తే వోల్టేజీ పడిపోయి దీపం మసకబారుతుంది.

దీపం కొనడంలోనూ మెలకువ కావాలి. సైకిలు దీపాలు, తోట దీపాలు రంగులోను, కోణంలోను నియమాలకు సరిపోవు. తెరచాప పడవ గాలికి ఒరుగుతుంది కనుక, దాని దీపం అడ్డుగీతకు పైకీ కిందికీ 25 డిగ్రీల వరకు కనీస కాంతిలో సగమైనా ఇవ్వాలని నియమం. పాత ఆకుపచ్చ అద్దంలో తెల్ల ఎల్ఈడీ బల్బు పెడితే కాంతి నీలివైపు మళ్లవచ్చు. అలంకరణ కోసం మిణుకుమిణుకుమనే రంగుల పట్టీలు కట్టడం మరీ ప్రమాదం, దూరపు నౌకకు దిక్కే తెలియదు. కొన్ని చౌక ఎల్ఈడీలు వీహెచ్ఎఫ్ రేడియోలో గరగర పుట్టిస్తాయి. ప్రయాణానికి ముందే రేడియోను, దీపాన్ని కలిపి వెలిగించి వినడం మంచిది.

ఏడు మీటర్ల లోపు తెరచాప పడవకు ఈ దీపాలు సాధ్యం కాకపోతే, తెల్ల కాంతినిచ్చే టార్చిని గాని, వెలిగించిన లాంతరును గాని చేతికందేలా ఉంచుకుని, ఢీకొనే ప్రమాదం రాకముందే చూపించాలని నియమం చెబుతోంది. తెడ్డు పడవలకూ ఇదే వర్తిస్తుంది. దీపాలున్న పడవలోనూ నీటికి తట్టుకునే టార్చి ఉండాలి. దాని కాంతిని తెరచాప మీద వేస్తే చాప మొత్తం తెల్లగా వెలుగుతుంది. నౌక వైపు నేరుగా గురిపెట్టి చూడగల అధికారి కళ్లు మిరుమిట్లు గొలిపేలా చేయకూడదు.