గంట పక్కన గడప

ఫిలడెల్ఫియా కన్వెన్షన్ సెంటర్ దగ్గర హోటళ్ళలో దిగినవారికి ఎదురుగానే రీడింగ్ టెర్మినల్ మార్కెట్. 1893 నాటిది. అక్కడ టిఫిన్ కానిచ్చి తూర్పుగా ఆరు బ్లాకులు నడిస్తే లిబర్టీ బెల్ వస్తుంది. ఫొటో దిగాక, ఆ పక్క స్థలంలో కాసేపు ఆగండి. అధ్యక్షుడు వాషింగ్టన్ ఇల్లు ఉన్నది అక్కడే. తొమ్మిదిమంది బానిసలు ఆ ఇంట పనిచేశారు. పెన్సిల్వేనియాలో ఆరు నెలలుంటే విడుదల కోరే హక్కు చట్టం ఇచ్చింది. అందుకే గడువులోపే వారిని రాష్ట్రం దాటించి మళ్ళీ తెచ్చేవారు. 1796 మే 21న వాషింగ్టన్ దంపతులు భోజనం చేస్తుండగా ఓనా జడ్జ్ అనే యువతి ఆ గడప దాటి వెళ్ళిపోయింది. ఆమెను వెనక్కి రప్పించాలని ప్రయత్నించారు, చివరిదాకా దొరకలేదు. పిల్లలకు గంట చూపించినప్పుడు ఆమె కథ కూడా చెప్పండి.