చూసివచ్చినవారి మాట: తెలుగు సినిమా ప్రేక్షకాభిప్రాయ చరిత్రలో వ్యవధి పాత్ర

ఉపోద్ఘాతం

తెలుగు సినిమా చరిత్ర రాసేవారికి ప్రధానంగా మూడు రకాల ఆధారాలు అందుబాటులో ఉన్నాయి. పత్రికలలోని సమీక్షలూ ప్రకటనలూ ఒక రకం. నిర్మాతలు, దర్శకులు, నటులు చెప్పుకున్న జ్ఞాపకాలు రెండో రకం. ఏ చిత్రం ఎన్ని కేంద్రాలలో ఎన్ని రోజులు ఆడిందన్న పట్టికలు మూడో రకం. వీటిలో ఎక్కడా నేరుగా కనిపించకపోయినా ఈ మూడింటినీ ప్రభావితం చేసినది మరొకటి ఉంది. రాత్రి రెండో ఆట చూసివచ్చిన మనిషి మర్నాడు పొద్దున అరుగు మీదనో, హాస్టలు వరండాలోనో, బావి దగ్గరనో తోటివారితో అన్న మాట అది. "బాగుంది, వెళ్ళొచ్చు." "పాటలు తప్ప ఏమీ లేదు." "డబ్బు దండగ." వ్యాపారవర్గాలు దీనికి 'టాక్' అని పేరు పెట్టాయి. సామాన్యులూ ఆ పేరునే స్వీకరించారు.

చరిత్రకారులు ఈ నోటిమాటను సాధారణంగా ఒక్క వాక్యంతో దాటవేస్తారు. మౌఖిక ప్రచారం వల్ల చిత్రం విజయవంతమైందని రాసి ముందుకు వెళతారు. అది నిజమే కావచ్చు కాని వివరణ కాదు. బాగున్న ప్రతి చిత్రం గురించీ ఎవరో ఒకరు బాగుందని అనే ఉంటారు. ఆ మాట కొన్ని చిత్రాలను నిలబెట్టి, మరికొన్నింటిని నిలబెట్టలేకపోవడానికి కారణం కేవలం ఆ మాటలో లేదు. అది ఊరంతా తిరిగేదాకా చిత్రం తెర మీద నిలిచి ఉందా లేదా అన్నదానిలో ఉంది. కనుక ప్రేక్షకాభిప్రాయ చరిత్రను ప్రదర్శన వ్యవస్థ చరిత్ర నుంచి విడదీసి రాయడం సాధ్యం కాదని ఈ వ్యాసం ప్రతిపాదన.

వాడుకలోని సాక్ష్యం

ప్రేక్షకుల అభిప్రాయాలు నమోదు కాకపోయినా వారి పదజాలం మిగిలింది. సినిమా ప్రదర్శన తెలుగులో 'ఆట'. చిత్రం 'ఆడుతుంది'. నాటకానికీ తోలుబొమ్మలాటకూ వాడిన క్రియనే కొత్త వినోదానికి అన్వయించారు. చిత్రానికే 'బొమ్మ' అని పేరు. 'బొమ్మ పడింది' అంటే ప్రదర్శన మొదలైందని అర్థం. వీటన్నిటిలో పరిశోధకులు ప్రత్యేకంగా గమనించవలసిన మాట 'ఎత్తేశారు'. చిత్రం చెడ్డదని విడిగా చెప్పనక్కరలేదు, నాలుగు రోజులకే ఎత్తేశారంటే చాలు. అలాగే 'వంద రోజులు ఆడింది' అంటే మంచిదని వేరే నిరూపించనక్కరలేదు. అంటే ఈ వాడుకలో చిత్రగుణానికి కొలమానం కాలమే. ఈ కొలమానంలో ఒక చిక్కు కూడా ఉంది. గుణం లేక ఎత్తేశారా, ఎత్తేయడం వల్ల గుణం లేనిదిగా పేరుపడిందా అన్నది ఆ మాటను బట్టి తేలదు.

సినిమా గురించి చెప్పడమంటే చాలాకాలం కథ చెప్పడమే. చూసివచ్చినవారు మొదటి నుంచి చివరిదాకా, పాటలు ఎక్కడెక్కడ వస్తాయో సహా, చెప్పేవారు. వినేవారి ఉత్సాహం దానివల్ల తగ్గేది కాదు. హరికథకూ నాటకానికీ కథ తెలిసే వెళ్ళిన సమాజం ఇది. సినిమాహాలు దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు కథాసంగ్రహాన్ని సగంలో ఆపి, మిగతాది వెండితెర మీద చూడమని రాసేవి. ఆ మిగతాదాన్ని పక్కింటివారు చెప్పేసేవారు. 'మాయాబజార్' (1957) చూడబోయిన ప్రేక్షకులలో చాలామందికి శశిరేఖ పెళ్ళి ఎవరితో జరుగుతుందో తెలుసు. ఆ ఇతివృత్తం వ్యాసభారతంలో లేకపోయినా నాటకాల ద్వారా, 1936 నాటి 'శశిరేఖా పరిణయం' వంటి చిత్రాల ద్వారా జనంలో ఉంది. కాబట్టి అభిప్రాయం 'ఏం జరిగింది' అన్నదాని మీద కాక 'ఎలా చేశారు' అన్నదాని మీద నిలిచేది. ఘటోత్కచుడిగా ఎస్.వి. రంగారావు ఎలా ఉన్నాడు, ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఉన్నప్పుడు సావిత్రి ఆ మగ నడకనూ గొంతునూ ఎలా పట్టింది అన్నవి మాటల్లోకి వచ్చే విషయాలు. సాధారణ ప్రేక్షకుడికి విమర్శదృష్టి లేదన్న అభిప్రాయం మన విశ్వవిద్యాలయ శాఖలలో ఇంకా అక్కడక్కడా వినిపిస్తుంది. ఈ తులనాత్మక అలవాటును పరిగణనలోకి తీసుకుంటే దాన్ని అంగీకరించడం కష్టం.

ఆ అభిప్రాయం ఎవరిదన్నది కూడా ముఖ్యమే. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అన్న టిక్కెట్టు తరగతులు ప్రేక్షకులనే కాక వారి తీర్పులను కూడా విడదీశాయి. నేలవాళ్ళకు నచ్చిందనీ ఆడవాళ్ళకు నచ్చిందనీ విడివిడిగా చెప్పుకునేవారు. మ్యాట్నీకి వెళ్ళివచ్చిన స్త్రీల మాట ఇళ్ళలోనే తిరిగేది. దాని బలం ప్రదర్శకులకు బాగా తెలుసు. పరిశోధనకు మాత్రం అది దాదాపుగా అందలేదు.

అచ్చుమాట, నోటిమాట

1950లలో ఆంధ్రపత్రిక వారపత్రికలో ముళ్ళపూడి వెంకటరమణ సినిమా సమీక్షలు రాశారు. కొడవటిగంటి కుటుంబరావు సినిమా మీద విస్తృతంగా, చాలాసార్లు కటువుగా రాశారు. వీరి రచనలు విలువైనవే. కాని వాటిని ఆనాటి ప్రేక్షకాభిప్రాయానికి ప్రతినిధులుగా వాడుకోవడం పొరపాటు. వారపత్రిక చేరేసరికి పట్నంలో చిత్రం భవితవ్యం తేలిపోయి ఉండవచ్చు. చిన్న ఊళ్ళలో చిత్రం ఇంకా రానే రాకపోవచ్చు.

ఈ ఎడం ప్రింట్ల కొరత వల్ల ఏర్పడింది. ముడి ఫిలిం ఖరీదైనది కావడంతో కొద్ది ప్రింట్లే తీసేవారు. అవి మొదట పెద్ద పట్టణాలలో ఆడి, తర్వాత రీళ్ళ పెట్టెలలో చిన్న పట్టణాలకు, చివరికి అరిగి గీతలు పడి టూరింగ్ టాకీసులకు చేరేవి. వ్యాపారపరిభాషలో ఇవే ఏ, బి, సి కేంద్రాలు. చిత్రం నెమ్మదిగా ప్రయాణిస్తుంటే మాట దానికంటే ముందు వెళ్ళేది. బెజవాడలో చదువుకునే కుర్రవాడు పండుగకు ఊరికి వచ్చి చెప్పిన మాట, చిత్రం ఆ ఊరికి వచ్చేదాకా వారాల తరబడి నిలిచి ఉండేది. కొరత వల్ల వచ్చిన ఈ జాప్యమే నోటిమాటకు వ్యవధినిచ్చింది. 'పాతాళభైరవి', 'మల్లీశ్వరి' రెండూ 1951లోనే వచ్చాయి. మొదటిది వెంటనే ఘనవిజయం పొందింది. రెండోది తొలి విడుదలలో ఆ స్థాయిని అందుకోలేదు. మళ్ళీ మళ్ళీ విడుదలవుతూ, తరాల మాట మీద పెరుగుతూ ఈనాటి స్థానానికి వచ్చింది.

'శంకరాభరణం' (1980): ఒక పరిశీలన

1980 ఫిబ్రవరి 2న విడుదలైన 'శంకరాభరణం' నోటిమాట విజయానికి ఇప్పటికీ మొదటగా చెప్పే ఉదాహరణ. కథానాయక పాత్రధారి జె.వి. సోమయాజులు అప్పటికి డిప్యూటీ కలెక్టరు, రంగస్థల నటుడు. తుళసి పాత్రధారిణి మంజుభార్గవి అంతకుముందు ఎక్కువగా నృత్యగీతాలలో కనిపించిన నటి. కథ కర్ణాటక సంగీతం చుట్టూ తిరుగుతుంది. 'అడవి రాముడు' (1977), 'వేటగాడు' (1979) హోరులో ఉన్న మార్కెట్టులో దీన్ని కొనడానికి పంపిణీదారులు వెనుకాడారని, మొదటి ఆటలకు హాళ్ళు దాదాపు ఖాళీగా ఉన్నాయని, రోజులు గడిచేకొద్దీ జనం పెరిగారని చిత్ర బృందం తర్వాత అనేక సందర్భాల్లో చెప్పింది.

ఈ జ్ఞాపకాలను కొంత జాగ్రత్తగా చదవాలి. 'ఖాళీ హాలుతో మొదలై' అన్నది గెలిచినవారు చెప్పుకునే కథలలో తరచుగా వచ్చే ఎత్తుగడ. ఖాళీ హాలుతో మొదలై ఖాళీ హాలుతోనే ముగిసిన చిత్రాల గురించి ఎవరూ ముఖాముఖి ఇవ్వరు. అయినా ఇక్కడ మూల విషయం నమ్మదగినదే. తారలు లేరు కనుక తొలిరోజు రద్దీకి ఆధారమే లేదు.

అసలు ప్రశ్న ఆ మాట ఎలా పనిచేసిందన్నది. తారల చిత్రాన్ని సిఫారసు చేయడానికి తార పేరు చాలు, అది క్షణంలో ముగిసే మాట. 'శంకరాభరణం' గురించి చెప్పాలంటే అందులో ఏముందో వివరించాలి. సంగీతం రాకపోయినా కూర్చోబెడుతుందని, ముసలాయనే హీరో అని, అయినా చూడమని నమ్మించాలి. అది నిడివిగల మాట, చెప్పేవాడి పరపతి మీద ఆధారపడే మాట. అలాంటిది ఒకరి నుంచి పదిమందికి చేరడానికి రోజులు పడుతుంది. ఆ రోజులు ఈ చిత్రానికి దొరికాయి. 1979 సంవత్సరానికి ఉత్తమ జనరంజక చిత్రంగా వచ్చిన జాతీయ పురస్కారం ఆ మాటకు బలం చేకూర్చింది. తెలుగు రాని దక్షిణాది ప్రేక్షకులకు కూడా చిత్రం చేరింది.

ఇదే కాలపు 'మా భూమి' ఇంకో దారిలో వ్యవధి సంపాదించుకుంది. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించిన ఆ చిత్రం హైదరాబాదులో ఉదయం ఆటలుగా దీర్ఘకాలం నడిచింది. ఉదయం ఆటలో ప్రదర్శకుడికి పోయేది తక్కువ. అందుకే ఓపిక పట్టగలిగాడు.

వ్యవధి కుంచించుకుపోవడం

వసూలు ఒప్పుకున్న కనీస మొత్తానికి తగ్గితే చిత్రాన్ని ఎత్తేసే హక్కు ప్రదర్శకుడికి ఇచ్చే ఒప్పందాలు ముందునుంచీ ఉన్నాయి. 1980లలో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన స్లాబు పన్ను పద్ధతి ఈ ఒత్తిడిని పెంచి ఉంటుందని నా ఊహ. అమ్మిన టిక్కెట్టు మీద కాక హాలు సామర్థ్యం మీద వినోదపు పన్ను కట్టవలసివచ్చినప్పుడు ఖాళీ కుర్చీ కూడా ఖర్చే. అలాంటి స్థితిలో రెండో వారం కోసం వేచి ఉండటం యజమానికి భారం. దీనిపై జిల్లాల వారీ అధ్యయనం జరగవలసి ఉంది. తర్వాతి దశ అందరికీ తెలిసినదే. ప్రింట్లు పెరిగాయి, డిజిటల్ ప్రదర్శన వచ్చింది, ఏ, బి, సి కేంద్రాలలో చిత్రం ఒకే రోజున విడుదల కాసాగింది. చూసివచ్చినవారి మాటకు మిగిలింది మొదటి ఆటకూ మూడో ఆటకూ మధ్య ఉన్న కొద్ది గంటలు.

ఆధారాల సమస్య

నోటిమాట నీడ ఒకచోట మాత్రం కాగితం మీద పడింది. రోజువారీ వసూళ్ళ నివేదికలలో, అంటే వ్యాపారంలో డి.సి.ఆర్. అనే పత్రాలలో, ఏ ఆటకు ఏ తరగతిలో ఎన్ని టిక్కెట్లు తెగాయో ఉంటుంది. మొదటి రోజుకంటే తొమ్మిదో రోజున బాల్కనీ నిండితే, నేల మాత్రం అలాగే ఉంటే, ఎవరి మాట ఎవరికి చేరిందో అంచనా వేయవచ్చు. ఇవి పాత హాళ్ళ అటకల మీద, పంపిణీ కార్యాలయాల బీరువాలలో ఉండేవి. హాళ్ళు కళ్యాణమండపాలుగా మారుతున్నకొద్దీ తూకానికి పోతున్నాయి.

మిగిలినది మనుషుల జ్ఞాపకం. 1980లో ఇరవై ఏళ్ళున్నవారు ఇప్పుడు అరవై దాటినవారు. 'శంకరాభరణం' నచ్చిందా అని అడిగితే అందరూ నచ్చిందనే చెబుతారు. ఆ జవాబు చరిత్రకు అంతగా ఉపయోగపడదు. విడుదలైన ఎన్నో రోజున వెళ్ళారు, ఎవరు చెబితే వెళ్ళారు, వచ్చాక మీరు ఎవరికి చెప్పారు, వాళ్ళు వెళ్ళేసరికి చిత్రం ఉందా, ఎత్తేశారా అని అడగాలి.